మూడో తాళంచెవి

జేబుకి చిరుగుందని
పది రోజులుగా తెలుసు.
ఆస్పత్రిలో కుట్లేసే చేతులకి
దారం అందించడం నా ఉద్యోగం.
నా జేబు దగ్గరికొచ్చేసరికి తీరిక లేదు.

గుణుపురంలో తెల్లారి ఆరున్నర.
వంశధార మీంచి మంచు ఇంకా లేవలేదు.
నైట్ డ్యూటీ దిగి వచ్చి
నా గుమ్మం ముందు నేనే చుట్టంలా నిలబడ్డాను.

ఇల్లు కొని ఇరవై రెండు రోజులు.
సాహుగారు అమ్మేసి బరంపురం వెళ్ళిపోయారు.
మార్గశిర గురువారాలకి వాళ్ళావిడ వేసిన పిండి పాదాలు
గడప దాటి
ఇంకా లోపలికే నడుస్తున్నాయి.

ముందొచ్చింది సైకిల్ షాపు కుర్రాడు.
చేతిలో సుత్తి, నోట్లో వేపపుల్ల.
"రెండొందలియ్యండి, రెండు దెబ్బలు."
ఇల్లెవరిదని అడగలేదు.
ఆ అడక్కపోవడానికే నాకు వెన్ను చల్లబడింది.
టీకి పది రూపాయలిచ్చి పంపేశాను.

తర్వాతది కరెంటు స్తంభానికి అంటించిన నంబరు.
ఎత్తిన గొంతు మూడొందలంది.
వీధి పేరు చెప్పేసరికి తొమ్మిదొందలైంది.
డబ్బు ముందే పంపమంది.
మీ పేరేమిటంటే పెట్టేసింది.

ఎదురింటావిడ పళ్ళు తోముకుంటూ అంతా చూసి,
పుక్కిలించి ఉమ్మి,
"మహారణా ముసలాయనున్నాడు కదేటి,
పాత బస్టాండు ఎనక" అంది.
ఇన్నాళ్ళకి నాతో ఆవిడ మొదటి మాట.

ఉదయనాథ్ మహారణా నడిచే వచ్చాడు,
రేకుపెట్టె చంకలో ఇరికించుకుని.
తాళం వైపు చూడలేదు. నన్ను చూశాడు.
"ఇల్లెవలిది?"
నాదే.
"కాయితం?"
లోపలుంది.
"సాక్షి?"
ఎదురింటి వైపు చూశాను.
"కొత్తగా దిగినారు, పేరు తెల్దు" అందావిడ,
అబద్ధం చెప్పని మనిషి.

ముసలాయన మెట్టు మీద కూచున్నాడు.
"అయితే చెప్పు తల్లీ,
తలుపు తీయగానే ఎడంపక్కనేటుంటాది?"

నవ్వొచ్చింది. కాసేపటికి పోయింది.
కళ్ళు మూసుకున్నాను.
మేకుకి నీలం గొడుగు, ఒక ఊచ విరిగింది.
దాని కింద విప్పని అట్టపెట్టె, పైన "గిన్నెలు" అని నా రాత.
గోడ మీద సాహుగారి పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలు,
సున్నం కొట్టిద్దామనుకుంటూ కొట్టించనివి.
చెబుతుంటే తెలిసింది
నిద్రకి తప్ప ఆ ఇంట్లోకి నేనింకా రాలేదని.

రెండు సన్నటి ఇనప పుల్లలు తీశాడు.
చెవి తలుపుకి ఆనించాడు.
మా డాక్టరుగారు కూడా
ఏ గుండెనీ అంత నిదానంగా వినగా చూడలేదు.
లోపల ఒక్కో మీటా ఒప్పుకోవడం నాకూ వినబడింది.

గీత పడకుండా తెరుచుకుంది.
ముందు ఆయన తొంగి చూశాడు.
గొడుగు చూశాడు. విరిగిన ఊచ చూశాడు.
అప్పుడు పక్కకి జరిగాడు.

"అమ్మినోలు ఎన్ని చెవులిచ్చినారు?"
రెండు.
తాళాన్ని వెనక్కి తిప్పి బొటనవేలితో తుడిచి,
"ఈ రకం పుట్టడమే మూడిటితో పుడతాది" అన్నాడు.

డ్యూటీలో ఉన్న రాత్రులు తొమ్మిది.
మిగతావి, ఈ ఇనుముని నమ్ముకుని
గుర్రు పెట్టి పడుకున్నవి.
దొంగే అయుండక్కర్లేదు.
వాళ్ళ చిన్నాడి బొమ్మల్లో ఎక్కడో పడుండొచ్చు.
అయినా ఆ మూడోది
నేనెరగని చోట, నా ఇంటిని ఎరిగి ఉంది.

మీటలు విప్పి వరస మార్చాడు.
ఆకురాయి పాడుతుంటే
ఇనప రజను పిండి పాదాల మీద రాలింది.
ఇంట్లో మిగిలిన పాత చెవిని
నా ఎదురుగానే బండ మీద పెట్టి వంచేశాడు.
కొత్తవి "ఎకొ, దుయి, తిని" అంటూ
అరచేతిలో ఒక్కొక్కటే పెట్టాడు.
నాలుగొందల యాభై. మొదట చెప్పిందే.

ఒకటి మెళ్ళో వేసుకున్నాను.
ఒకటి ఆస్పత్రి బీరువాకి.
సాయంత్రం జేబు కుట్టుకుంటూ చూస్తే
ఎదురింటావిడ అరుగు మీద చోళ్ళు చెరుగుతోంది.

మూడోది గుప్పిట్లో పట్టుకుని వీధి దాటాను.
ముందు నా పేరు చెప్పాను.
ఆవిడ చేట పక్కన పెట్టి
కాస్త జరిగింది.